మూలన పెట్టే ముందు: ఏటీవీ, డర్ట్ బైక్ ఇంజిన్ల నిర్వహణ, నిల్వకు సమగ్ర మార్గదర్శి

ఏటీవీలు (నాలుగు లావు టైర్లతో మట్టిదారుల్లో తిరిగే బండ్లు), డర్ట్ బైకులు నడిపి పాడైనవి తక్కువ, నిలబెట్టి పాడైనవి ఎక్కువ. వికారాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో, అరకు వైపు రిసార్టుల్లో తిరిగే ఈ బండ్లలో చాలావాటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. అందుకే రోజువారీ పనికి వాటినెవరూ బయటికి తీయరు. సంక్రాంతికి పిల్లలు దిగినప్పుడు నాలుగు రోజులు, వేసవి సెలవుల్లో ఇంకొన్నాళ్లు ఎడాపెడా తిప్పుతారు. జూన్‌లో వాన పడగానే షెడ్డులోకి తోసి టార్పాలిన్ కప్పేస్తారు. దసరాకి టార్పాలిన్ తీసి కిక్ కొడితే ఇంజిన్ ఉలకదు, పలకదు.

అప్పుడు మెకానిక్ చెప్పే మాట చాలాసార్లు ఒకటే: "కార్బొరేటర్ జామైంది సార్." కార్బొరేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం. బండిని మూలన పెట్టే రోజు ఒక పూట కేటాయిస్తే ఆ మాట వినాల్సిన పని ఉండదు.

ఇక్కడ ప్రధానంగా చెప్పేది 110, 125 సీసీ ఫోర్‌స్ట్రోక్ కార్బొరేటర్ ఇంజిన్ల గురించి. చైనా నుంచి వచ్చే చిన్న ఏటీవీల్లో, పిల్లల డర్ట్ బైకుల్లో ఎక్కువగా ఉండేవి ఇవే. సిలిండర్ నిలువుగా కాకుండా ముందుకు పడుకుని ఉంటుంది. హోండా 1958లో తెచ్చిన సూపర్ కబ్ నుంచి దిగిన ఇంజిన్ వంశం ఇది. మామూలు స్పానర్లతోనే చాలా భాగాలు విప్పుకోవచ్చు. అదే షెడ్డులో పవర్ వీడర్ (కలుపు తీసే యంత్రం) ఉంటే దానికీ దాదాపు ఇదే పద్ధతి, కొన్ని అంకెలు మాత్రం మారతాయి. బాహా పోటీల కోసం ఏటీవీలు కట్టే ఇంజినీరింగ్ విద్యార్థులకూ ఇది పనికొస్తుంది. వాళ్లు వాడుతూ వచ్చిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 305 సీసీ ఇంజిన్ కూడా పోటీ అయిపోయాక కాలేజీ వర్క్‌షాపులో మూలన పడి ఉండేదే.

అసలు గొడవంతా పెట్రోలుతోనే

కార్బొరేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ తేలేది అందులోనే. బండి ఆపేశాక ఆ గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలు మెల్లగా ఆవిరవుతుంది. తేలిగ్గా మండే భాగం ముందు ఎగిరిపోతుంది, బరువైన భాగం జిగురులా అడుగున మిగులుతుంది. స్లో మీద ఇంజిన్‌కు పెట్రోలు అందించే పైలట్ జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నం. ముందుగా పూడుకుపోయేది అదే.

దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20 పెట్రోలు. అంటే అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు నీళ్లంటే మహా ఇష్టం. వానాకాలం గాలిలోని తేమను ట్యాంకు మూత సందులోంచి లాక్కుంటుంది. నీరు ఒక మోతాదు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పెట్రోల్ ట్యాప్ లాగేదీ అడుగు నుంచే కాబట్టి ఇంజిన్‌కు ముందు అందేది ఆ నీళ్ల సరుకే. కార్బొరేటర్ విప్పి చూస్తే అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇత్తడి జెట్ల మీద పచ్చటి చిలుము కనిపించేది ఇందువల్లే. పాత రకం రబ్బరు పైపులు, వాషర్లు కూడా ఇథనాల్‌కు ఉబ్బడమో, గట్టిపడి చిట్లడమో జరుగుతుంది.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన గడువు ఒక నెల. నెల దాటి బండి కదలదని తెలిస్తే కార్బొరేటర్‌లో పెట్రోలు ఉంచకూడదు. ఫ్యూయల్ స్టెబిలైజర్ అని సీసాల్లో దొరికే మందు పనిచేస్తుంది కానీ, తాజా పెట్రోలులో కలిపితేనే. పాడైన పెట్రోలును అది బాగుచేయదు.

నడిపే రోజుల్లో చేయాల్సినవి

నిల్వ పెట్టే పని నిజానికి నడిపే రోజుల్లోనే మొదలవుతుంది. దుమ్ము తాగిన ఇంజిన్‌ను ఎంత జాగ్రత్తగా దాచినా లాభం లేదు.

ముందుగా గంటల లెక్క. రోడ్డు బండికి కిలోమీటర్లు చూస్తాం, వీటికి గంటలు చూడాలి. ప్లగ్ వైరుకు చుట్టే చిన్న అవర్ మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది పెట్టించకపోతే కనీసం షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకోండి. ఆయిల్ ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తులేకపోవడమే అద్దె ఏటీవీల్లో సగం జబ్బులకు మూలం.

ఎయిర్ ఫిల్టర్‌కు ఎంత శ్రద్ధ పెట్టినా ఎక్కువ కాదు. ఎర్రమట్టి దారిలో నాలుగు బండ్లు వరసగా వెళ్తే వెనక బండి తాగేదంతా దుమ్మే. ఆ దుమ్ములోని ఇసుక రేణువులు పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య చేరి గరుకు కాగితంలా అరగదీస్తాయి. ఆ తర్వాత సైలెన్సర్‌లోంచి నీలం పొగ, బోర్ చేయించాల్సిన ఖర్చు. ఈ బండ్లలో ఉండేది చాలావరకు స్పాంజి ఫిల్టర్. దాన్ని దుమ్ములో తిరిగిన ప్రతిసారీ చూడాలి.

శుభ్రం చేసే తీరు ఇదీ. స్పాంజిని సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ముంచి నొక్కుతూ కడగండి. జిడ్డు వదలకపోతే ముందు కిరోసిన్‌లో నొక్కి, తర్వాత సబ్బు నీళ్లలో కడగండి. పెట్రోలుతో కడగొద్దు. అది నిప్పుకు ప్రమాదం, స్పాంజి అతుకులనూ కరిగిస్తుంది. బట్టలు పిండినట్టు మెలిపెడితే స్పాంజి చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కాలంతే. నీడలో పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించి, స్పాంజి అంతా ఒకే రంగుకు వచ్చేదాకా నొక్కి, మిగులు ఆయిల్ పిండేయండి. ఆయిల్ లేని పొడి స్పాంజి పెద్ద రేణువులను ఆపుతుంది, సన్నటి దుమ్మును వదిలేస్తుంది. చాలామంది కడిగి, ఆరబెట్టి, అలాగే పొడిగా బిగించేస్తారు. అలా బిగిస్తే కడిగిన ఫలితం సగం కూడా దక్కదు.

ఫిల్టర్ తీసినప్పుడు దాని వెనక, కార్బొరేటర్ వైపు గొట్టంలో వేలు పెట్టి తుడవండి. వేలికి దుమ్ము అంటితే ఫిల్టర్‌ను దాటి ఎక్కడో గాలి దూరుతున్నట్టే. రబ్బరు గొట్టం పగిలిందా, క్లాంపు వదులైందా చూడండి. ఫిల్టర్ కూర్చునే అంచుకు పల్చగా గ్రీజు రాస్తే ఆ సందు మూసుకుంటుంది.

తర్వాత ఇంజిన్ ఆయిల్. ఈ పడుకున్న ఇంజిన్లలో చాలావాటికి కాగితం ఫిల్టర్ ఉండదు. లోపల ఒక జాలీ, వేగంగా తిరుగుతూ మురికిని అంచులకు నెట్టే ఒక కప్పు మాత్రమే ఉంటాయి. పైగా పట్టే ఆయిలే లీటరు లోపు. అంత తక్కువ ఆయిల్ క్లచ్‌నూ, గేర్లనూ, పిస్టన్‌నూ చూసుకోవాలి. కాబట్టి కారులా వేల కిలోమీటర్లు లాగించే వీలు లేదు. నా లెక్కలో 20, 25 గంటల నడకకు ఒకసారి మార్చడం న్యాయం. కొత్త ఇంజిన్ అయితే మొదటి కొద్ది గంటలకే ఒకసారి మార్చేయాలి, కొత్త భాగాలు ఒరుసుకున్న లోహపు రజను అందులోకే దిగుతుంది.

ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద బైకు ఆయిళ్లకు ఇచ్చే జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉందో లేదో చూడండి. ఈ ఇంజిన్లలో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తుంది. కార్ల కోసం చేసిన జారుడు ఎక్కువ ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. మన వేడికి 10డబ్ల్యూ-40 సరిపోతుంది, మాన్యువల్‌లో వేరే చెప్తే అదే వినండి. కొలిచేటప్పుడు డిప్‌స్టిక్‌ను తుడిచి, మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. హోండా జీఎక్స్ తరహా వీడర్ ఇంజిన్‌కైతే మొదటి 20 గంటలకు ఒకసారి, ఆ తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. దాంట్లో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి జాసో గుర్తు గొడవ లేదు.

ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు సరిచేయడం గురించి ఒక మాట. హెడ్‌లోంచి సన్నగా టకటక వినిపిస్తే అందరూ కంగారు పడతారు. నిజానికి ఆ చప్పుడు పూర్తిగా మాయమైతేనే కంగారు పడాలి. వాల్వు అరిగి లోపలికి కూరుకుపోయే కొద్దీ సందు తగ్గిపోతుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, కిక్ మెత్తగా దిగిపోతుంది. కబ్ తరహా ఇంజిన్లలో చల్లగా ఉన్నప్పుడు ఈ సందు సాధారణంగా 0.05 మి.మీ. హోండా జీఎక్స్200 వీడర్ ఇంజిన్‌లోనైతే ఇన్‌లెట్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20 మి.మీ. ఒకదాని అంకె ఇంకోదానికి వాడొద్దు. ఫ్లైవీల్ మీది టీ గుర్తును గీతకు తెచ్చి, రెండు రాకర్లూ వదులుగా ఆడుతున్నాయని చూసుకున్నాకే సందు కొలిచే పల్చటి రేకు, అంటే ఫీలర్ గేజ్ దూర్చాలి. రాకర్ బిగుసుకుని ఉంటే ఇంజిన్‌ను ఇంకొక చుట్టు తిప్పండి.

ప్లగ్ చూడటం తేలిక. లేత గోధుమ రంగు మంచిది. నల్లటి మసి పట్టిందంటే ఫిల్టర్ మూసుకుపోయిందో, చోక్ సగం పడి ఉందో. తెల్లగా మాడినట్టుంటే ఎక్కడో గాలి లీకవుతోంది, ఆ బండిని అలాగే నడిపితే పిస్టన్ పోతుంది. ఈ చిన్న ఇంజిన్లలో ఎక్కువగా వాడే సీ7హెచ్ఎస్ఏ రకం ప్లగ్‌కు గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ.

నీళ్లు, బురద. గాలితో చల్లబడే ఇంజిన్‌కు రెక్కల మధ్య ఎండిన బురద ఉంటే దుప్పటి కప్పినట్టే, ఇంజిన్ వేడెక్కిపోతుంది. నల్లరేగడి అయితే మరీ, ఎండాక రాయిలా పట్టుకుంటుంది. తడిగా ఉన్నప్పుడే కడగాలి, కానీ ఇంజిన్ చల్లబడ్డాకే. వాటర్ సర్వీసింగ్ గన్‌ను ఎయిర్ ఫిల్టర్ వైపు, చక్రాల బేరింగుల వైపు, కార్బొరేటర్ వైపు తిప్పొద్దు. బీచ్‌లో తిరిగిన బండిని ఆ రోజే మంచినీళ్లతో కడగాలి. ఉప్పు రాత్రికి రాత్రే పని మొదలుపెడుతుంది.

వాగు దాటుతుంటే ఇంజిన్ ఆగి నీళ్లు లోపలికి వెళ్లాయనుకోండి, మళ్లీ కిక్ కొట్టకండి. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ప్లగ్ తీసేసి, మెల్లగా తిప్పి నీళ్లు బయటికి కక్కించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి. రంగు తేటపడేదాకా అంతే. దీనికి ఖరీదైన ఆయిల్ అక్కర్లేదు, చివరిసారి పోసేది మంచిదైతే చాలు.

మూలన పెట్టే రోజు

ఈ పనులు చెప్పిన వరసలోనే చేయండి. వరస తప్పితే కొన్ని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

1. కడిగి, ఆరబెట్టండి. తడి మీద కవరు కప్పితే వానాకాలమంతా లోపల ఆవిరే. ఒక పూట ఎండలో ఉంచండి. చైన్ ఉంటే కిరోసిన్‌తో తుడిచి చైన్ లూబో, గేర్ ఆయిలో పట్టించండి.

2. ట్యాంకు సంగతి తేల్చుకోండి. ఖాళీ చేసే పనైతే, 3వ పనిలో చెప్పినట్టు ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి పాత ఆయిల్ దించి, ఇంజిన్ చల్లారాకే పెట్రోలు తీయండి. ఇక్కడ రెండు వాదాలున్నాయి, ట్యాంకు నిండుగా ఉంచాలని ఒకటి, ఖాళీ చేయాలని ఇంకొకటి. ఏది సరైనదో ట్యాంకు దేనితో చేశారో దాన్నిబట్టి ఉంటుంది. ప్లాస్టిక్ ట్యాంకు తుప్పు పట్టదు కాబట్టి పూర్తిగా ఖాళీ చేయండి. రేకు ట్యాంకు ఖాళీగా ఉంటే లోపలి గోడలకు తేమ తగిలి తుప్పు పడుతుంది. రెండు నెలల లోపైతే తాజా పెట్రోలులో స్టెబిలైజర్ కలిపి మెడ దాకా నింపండి, గాలికి చోటు తగ్గుతుంది. అంతకన్నా ఎక్కువ కాలమైతే ఖాళీ చేసి, పొడిగా ఆరనిచ్చి, ఒక చిన్న గ్లాసు ఇంజిన్ ఆయిల్ పోసి, లోపలి గోడలన్నిటికీ అంటేలా ట్యాంకును అటూ ఇటూ తిప్పండి. తీసిన పెట్రోలు తాజాదైతే గుడ్డతో వడకట్టి బైకులో పోసుకోవచ్చు. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో మాత్రం దాచొద్దు. పిల్లలున్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం.

3. ఆయిల్ ఇప్పుడే మార్చండి. "ఎలాగూ నిలబెడుతున్నాం, బయటికి తీసేటప్పుడు మార్చొచ్చు" అనేది అందరూ చెప్పే మాట, దాన్ని నమ్మొద్దు. వాడిన ఆయిల్‌లో మండగా మిగిలిన ఆమ్లాలు, తేమ ఉంటాయి. నెలల తరబడి అవి బేరింగుల మీద పనిచేస్తూనే ఉంటాయి. ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, వేడిగా ఉండగా పాత ఆయిల్ దించండి. వేడి ఆయిల్ మురికిని వెంటబెట్టుకుని దిగుతుంది. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి. అల్యూమినియం మర కాబట్టి బలం చూపించొద్దు. కొత్త ఆయిల్ పోశాక ఒకటి రెండు నిమిషాలు నడిపితే అది లోపలంతా అంటుకుంటుంది. ట్యాంకు ఖాళీ అయినా కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు ఈ మాత్రం నడకకు సరిపోతుంది. సరిపోకపోతే కిక్‌తో తిప్పినా చాలు.

4. కార్బొరేటర్ ఖాళీ చేయండి. పెట్రోల్ ట్యాప్ మూసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. చాలామంది ఇక్కడితో వదిలేస్తారు. అప్పటికీ గిన్నె అడుగున కొద్దిగా మిగిలే ఉంటుంది, జిగురయ్యేది ఆ కొద్దిపాటిదే. గిన్నె కింద చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాని కింద పాత డబ్బా పెట్టి, స్క్రూ వదులు చేసి, చివరి చుక్క దాకా దించి మళ్లీ బిగించండి. మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఈ పని చేయండి.

5. సిలిండర్‌కు ఆయిల్ పట్టించండి. తాళం ఆపి, ప్లగ్ చుట్టూ ఉన్న మట్టి ఊదేసి, ప్లగ్ విప్పండి. రంధ్రంలో ఒక టీ చెంచా, అంటే 5 మి.లీ., శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోయండి. రంధ్రం మీద గుడ్డ వేసి కిక్ రాడ్డును చేత్తో మెల్లగా ఐదారు సార్లు తిప్పండి. పడుకున్న సిలిండర్‌లో ఆయిల్ కింది వైపే చేరుతుంది కాబట్టి ఈ తిప్పడం తప్పనిసరి. సెల్ఫ్ మాత్రమే ఉన్న బండి అయితే ప్లగ్‌ను వైరుకు తగిలించి ఇంజిన్ లోహానికి ఆనించి, రంధ్రానికి దూరంగా ఉంచి, రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. వైరును గాలిలో వదిలేస్తే స్పార్క్ పుట్టించే సీడీఐ యూనిట్ దెబ్బతినవచ్చు. తర్వాత ప్లగ్‌ను చేత్తో చివరిదాకా తిప్పి, స్పానర్‌తో పావు చుట్టు లోపే బిగించండి. కొత్త ప్లగ్ అయితే అర చుట్టు.

6. పిస్టన్‌ను సరైన చోట ఆపండి. కిక్ మెల్లగా నొక్కుతూ పోతే ఒక చోట గట్టిగా అడ్డు తగులుతుంది. అక్కడ ఆపేయండి. కంప్రెషన్ దశలో రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, సిలిండర్‌లోకి బయటి తేమ వెళ్లదు. వీడర్‌కు తాడు లాగుతూ ఇదే పని చేయాలి.

7. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టండి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. నిండుగా చార్జ్ అయిన 12 వోల్టుల లెడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తుంది. నెలకోసారి మల్టీమీటర్ పెట్టి, 12.4 కిందికి దిగితే చార్జ్ చేయండి. చార్జింగ్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు, అంటే 7 ఏహెచ్ బ్యాటరీకి 0.7 ఆంపియర్లు. కారు బ్యాటరీ షాపుల్లోని పెద్ద చార్జరుకు దీన్ని తగిలించొద్దు. లిథియం బ్యాటరీ అయితే దాని చార్జరే వాడాలి.

8. పురుగూ పుట్రా రాకుండా మూయండి. పల్లెటూరి షెడ్డులో ఇది చిన్న విషయం కాదు. ఎలుకలు ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. కందిరీగలు సైలెన్సర్ మూతిలోనూ, కార్బొరేటర్ నుంచి కిందికి వేలాడే సన్నటి పైపుల్లోనూ మట్టితో గూడు పెడతాయి. ఆ పైపు మూసుకుపోతే గిన్నెకు గాలి అందక పెట్రోలు దిగదు, ఎందుకో తెలియక జుట్టు పీక్కోవాలి. సైలెన్సర్ మూతిలో, ఎయిర్ ఇన్‌టేక్‌లో నూనె గుడ్డ కుక్కండి. సన్న పైపుల చివర దోమతెర ముక్క చుట్టి దారం కట్టండి. ఎక్కడెక్కడ ఏం కుక్కారో ఒక అట్టముక్క మీద రాసి, దాన్ని తాళం చెవికి కట్టేయండి. తాళం తీసుకున్నవాడు అది చూడకుండా స్టార్ట్ చేయలేడు. ఎలుకల మందు కన్నా బోను మేలు, మందు తిన్న ఎలుక ఏ సీటు కిందో చస్తే ఆ వాసన వదిలించడం ఇంకో పని.

9. నిలబెట్టే చోటు. సిమెంటు నేల మీద నేరుగా కాకుండా చెక్కపలక మీద ఉంచండి. కుదిరితే దిమ్మెల మీద ఎత్తి టైర్ల మీద బరువు తీసేయండి. ఏటీవీ టైర్లలో గాలి చాలా తక్కువ, మామూలుగా 3 నుంచి 7 పీఎస్ఐ మధ్య, కాబట్టి నిలబెట్టిన చోటే అణిగి వంకర పడతాయి. పంక్చర్ షాపు గేజీలో అంత చిన్న అంకెలు తేలవు, తక్కువ పీడనం చూపే గేజీ విడిగా కొనాలి. కవరు గాలి ఆడే గుడ్డదై ఉండాలి. టార్పాలిన్ అయితే షెడ్డు పైకప్పుకు కట్టండి, బండికి చుట్టొద్దు.

ఫ్యూయల్ ఇంజెక్షన్, టూస్ట్రోక్ బండ్లకు మార్పులు

హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ లాంటి, కార్బొరేటర్‌కు బదులు ఇంజెక్టరు ఉండే బండ్లలో ట్యాంకు ఎండబెట్టొద్దు. లోపలి పంపు పెట్రోలుతోనే చల్లబడుతుంది. స్టెబిలైజర్ కలిపిన తాజా పెట్రోలు నింపి, అది ఇంజెక్టరు దాకా చేరేలా పది నిమిషాలు నడిపి ఆపండి. కార్బొరేటర్ పని తప్ప మిగతా అడుగులన్నీ మామూలే.

టూస్ట్రోక్ డర్ట్ బైకుల్లో ఆయిల్ పెట్రోలులోనే కలిపి పోస్తారు. 40:1 అంటే లీటరుకు 25 మి.లీ., 32:1 అంటే దాదాపు 31 మి.లీ. నిలవ ఉంచిన ఆ మిశ్రమాన్ని వచ్చే సీజనుకు వాడొద్దు. పెట్రోలు ఎగిరిపోయి ఆయిల్ పాలు పెరిగి ఉంటుంది, మండే గుణమూ పోయి ఉంటుంది. ఏ రోజు నడకకు ఆ రోజు కలుపుకోవడం మంచి అలవాటు. కార్బొరేటర్‌ను మాత్రం ఆగేదాకా నడిపి ఎండబెట్టొద్దు. పెట్రోలు అయిపోతున్న కొద్దీ ఆయిల్ కూడా అందకుండా పోతుంది. డ్రెయిన్ స్క్రూ తిప్పి దించేయండి.

మధ్యలో స్టార్ట్ చేయొద్దు

"వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టు, పాడుకాదు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మంచి మనసుతోనే చెప్తారు. కానీ పెట్రోలు మండితే నీరు పుడుతుంది. చల్లటి ఇంజిన్‌లో ఆ ఆవిరి సైలెన్సర్‌లోనూ, ఆయిల్‌లోనూ నీళ్లై నిలుస్తుంది. చోక్ మీద నడిచినంతసేపు కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగి కిందికి దిగుతుంది. రెండు నిమిషాలు తిప్పి ఆపడం అంటే వారం వారం ఇంజిన్‌లో నీళ్లు పోయడమే. స్టార్ట్ చేస్తే 15, 20 నిమిషాలు నడిపి, ఇంజిన్ బాగా వేడెక్కాక, మళ్లీ కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టాలి. అంత ఓపిక లేకపోతే ముట్టుకోవద్దు. నెలకోసారి బ్యాటరీ, ఎలుకల జాడ చూసుకుంటే సరిపోతుంది.

మళ్లీ బయటికి తీసేటప్పుడు

తాళం చెవికి కట్టిన అట్టముక్క చదివి గుడ్డలన్నీ తీయండి. ఫిల్టర్ పెట్టె తెరిచి గూడు ఉందేమో చూడండి. వైర్లు, పెట్రోలు పైపు వేళ్లతో వంచి చూడండి, చిట్లిన పైపు ఉంటే మార్చేయండి. పైపు ధర తక్కువే, ఇథనాల్ తట్టుకునే రకం అడగండి. బ్యాటరీ బిగించి, ఆయిల్ మట్టం చూసి, బంకు నుంచి అప్పుడే తెచ్చిన పెట్రోలు పోయండి. నిల్వకని నింపి ఉంచిన పెట్రోలు పుల్లటి వార్నిష్ వాసన వస్తే దాన్ని వాడొద్దు.

పెట్రోల్ ట్యాప్ తిప్పి రెండు నిమిషాలు ఆగండి. కార్బొరేటర్ పైపులోంచి పెట్రోలు కారుతుంటే ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండగానే పెట్రోలును ఆపే సూది) ఇరుక్కుంది. గిన్నె మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే ఒక్కోసారి వదులుతుంది. అయినా కారుతుంటే స్టార్ట్ చేయకుండా విప్పాల్సిందే, లేకపోతే ఆ పెట్రోలు సిలిండర్ దాటి ఆయిల్‌లోకి దిగుతుంది.

కారడం లేదంటే, తాళం ఆపి ఉంచి పదిసార్లు ఊరికే కిక్ కొట్టండి. ఆయిల్ పైకి హెడ్ దాకా ఎక్కడానికి అది సాయం. తర్వాత షెడ్డు తలుపులు బార్లా తెరిచి, వీలైతే బండిని బయటికి తోసి, చోక్ వేసి స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులో సైలెన్సర్ పొగ ప్రాణాంతకం. మొదటి నిమిషాల్లో నీలంగా పొగ వస్తుంది, సిలిండర్‌లో పోసిన చెంచాడు ఆయిల్ కాలుతోందంతే. ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి. స్టార్ట్ కాకపోతే ప్లగ్ విప్పి చూడండి. ఆ ఆయిల్‌తో తడిసి ఉంటే తుడిచి మళ్లీ పెట్టండి, చాలాసార్లు అదే కారణం.

చోక్ మీద మాత్రమే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతుంటే పైలట్ జెట్ పూడుకుందని అర్థం. గిన్నె విప్పి, జెట్‌ను సరిపోయే స్క్రూడ్రైవర్‌తో తీసి, కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. గుండ్రటి చుక్క వెలుగు కనిపించాలి. పొడవాల్సి వస్తే కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు వాడండి. సూది, స్టీలు తీగ వాడితే ఇత్తడి రంధ్రం పెద్దదై ఆ జెట్ ఇక కొలత తప్పుతుంది. స్లో బాగుండి, పూర్తి త్రాటిల్ ఇస్తే గొణుగుతుంటే మెయిన్ జెట్‌నో, ట్యాంకు మూత గాలి రంధ్రాన్నో అనుమానించండి. మూత కొంచెం వదులు చేస్తే సర్దుకుంటే కందిరీగ అక్కడా గూడు పెట్టిందన్నమాట.

ఇంజిన్ వేడెక్కాక ఆపి, కార్బొరేటర్ కింద, డ్రెయిన్ బోల్టు దగ్గర తడి ఉందేమో తడిమి చూడండి. టైర్లలో గాలి గేజీతో కొలిచి, బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి చూసి, మొదటి గంట గట్టు దాకానే తిప్పండి. తిరిగొచ్చాక చల్లబడనిచ్చి ఆయిల్ మట్టం ఇంకోసారి చూసి, గోడ మీద గంటల లెక్క కొత్తగా మొదలుపెట్టండి.